పిల్లికి పచ్చి చికెన్: నెలకు ఎంతవుతుంది, ఏమేం కలపాలి? (గుండెకాయలు, గుడ్డు పెంకుల లెక్క తెలిసినవాళ్లు చెప్పండి)

బుజ్జిగాడి_అమ్మ · 2025 జులై 5, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. మా బుజ్జిగాడికి మూడేళ్లు, నాలుగు కిలోల రెండు వందల గ్రాములు, ఆపరేషన్ అయిన మగ పిల్లి. చిన్నప్పటి నుంచీ డ్రై ఫుడ్ మీదే పెరిగాడు. మే నెలలో ఒక రాత్రి లిట్టర్ డబ్బాలో కూర్చుంటాడు, లేస్తాడు, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. ఒక్క చుక్క లేదు. ముందు మలబద్ధకం అనుకున్నాను. పదకొండు గంటలకు అరవడం మొదలుపెట్టాక ఆటోలో పరిగెత్తాం. మూత్రం మూసుకుపోయింది, ఇంకో రోజు ఆగి ఉంటే దక్కేవాడు కాదన్నారు. మూత్రం పోయేందుకు గొట్టం (కాథెటర్) వేసి రెండు రోజులు ఉంచుకున్నారు. బిల్లు తొమ్మిది వేలు.

ఇకమీదట నీళ్లు ఎక్కువగా ఉండే తిండి పెట్టమన్నారు. తడి తిండి పౌచ్‌లు మొదలుపెట్టాను. 85 గ్రాముల పౌచ్‌లు రోజుకు మూడు కావాలి. ఒక్కోటి 45 రూపాయలు. నెలకు నాలుగు వేలు దాటుతోంది. ఇది నా వల్ల అయ్యే పని కాదు.

సందు చివరే చికెన్ షాపు. పచ్చి మాంసం పెడితే పిల్లి ఆరోగ్యంగా ఉంటుందని వీడియోల్లో చెబుతున్నారు. మా ఆయనేమో "పిల్లికి కిలో చికెన్ తేవడానికి నేనేమైనా జమీందారునా" అంటున్నారు. మీలో ఎవరైనా చేస్తున్నారా? నిజంగా ఖర్చు తగ్గుతుందా?

కాకినాడ_కాజా · జులై 5, రాత్రి 10:40

చేస్తున్నామండీ, నాలుగేళ్ల నుంచి. రెండు పిల్లులు. పొద్దున పచ్చిది, రాత్రి డ్రై ఫుడ్.

ముందు ఖర్చు సంగతి చెప్తాను, చాలామంది ఇక్కడే మోసపోతారు. మీ బుజ్జిగాడికి రోజుకు 120, 130 గ్రాములు సరిపోతుంది. నెలకు నాలుగు కిలోల లోపే. చికెన్‌తో ఇది వెయ్యి రూపాయల్లో అయిపోతుంది. పౌచ్‌లతో పోలిస్తే నాలుగో వంతు. కానీ చవక రకం డ్రై ఫుడ్‌తో పోలిస్తే పెద్దగా మిగిలేదేమీ లేదు, సమానం. కాబట్టి "పచ్చిది చవక" అని ఎవరైనా అంటే దేనికంటే చవక అని అడగండి.

రెండోది, స్కిన్‌లెస్ బోన్‌లెస్ కొనకండి. అది మనుషుల రేటు. లెగ్ పీసులు తెచ్చుకుని ఇంట్లో ఎముక తీసుకోండి. కిలోకి 650 గ్రాములకు అటూ ఇటూగా కండ వస్తుంది. కార్జం, కందనకాయలు, గుండెకాయలు దానికంటే బాగా తక్కువ రేటుకు ఇస్తారు.

గుండెకాయలు మాత్రం చిన్న షాపులో దొరకవు. ఒక్కో కోడికి ఒకటే, అది పది గ్రాములు కూడా ఉండదు. అర కిలో కావాలంటే యాభై అరవై కోళ్లు కోయాలి. ఆదివారం పొద్దున ఆరింటికి పెద్ద షాపుకు వెళ్లి "లివర్‌లో కలపొద్దు, గుండెకాయలు విడిగా పెట్టు" అని ముందే చెప్పుకోవాలి. మొదటిసారి మా షాపతను నన్ను పైకీ కిందకీ చూసి "ఏం మందుకండీ?" అన్నాడు.

పెరుగన్నం · జులై 6, ఉదయం 6:55

మా అమ్మమ్మ పిల్లి పదహారేళ్లు బతికింది. తిన్నది పెరుగన్నం, పాలన్నం. గుండెకాయ, కార్జం అంటూ ఎవరూ లెక్కలు వేయలేదు. ఇప్పటివాళ్లకు అన్నీ టెన్షన్లే.

కాకినాడ_కాజా · జులై 6, ఉదయం 7:20

అమ్మమ్మగారి పిల్లి వడ్ల గాదె దగ్గర ఏం చేసేదో కూడా చెప్పండి సార్ 😄 రోజుకు నాలుగైదు ఎలుకలు పట్టి ఉంటుంది. ఎలుకలో కండ ఉంది, గుండె ఉంది, కార్జం ఉంది, నమలగలిగే ఎముక ఉంది, నీళ్లూ ఉన్నాయి. అసలు భోజనం అది. పెరుగన్నం టిఫిన్.

మనం ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని ఆ ఎలుకనే ముక్కలు ముక్కలుగా కొని మళ్లీ అతికిస్తున్నాం. ఈ లెక్కలన్నీ అందుకే.

పెరుగన్నం · జులై 6, ఉదయం 7:31

ఒప్పుకున్నాను. ఎలుకలు పట్టేది.

నల్లపిల్లి_99 · జులై 6, మధ్యాహ్నం 1:15

బుజ్జిగాడి అమ్మగారూ, మీరు మొదలుపెట్టే ముందు నేను చేసిన తప్పు ఒకటి వినండి.

రెండేళ్ల క్రితం రోడ్డు మీద దొరికిన పిల్లి కూనను తెచ్చుకున్నాను. రెండు నెలలు ఉంటాయేమో. దానికి అన్నిటికంటే మంచిది పెట్టాలని చికెన్ బ్రెస్ట్, అదీ బోన్‌లెస్, చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టేదాన్ని. ఇంకేమీ లేదు. ఇష్టంగా తినేది, బొద్దుగా అయింది. పది వారాలు గడిచాక ఒకరోజు సోఫా మీంచి దూకింది. సోఫా ఎత్తు ఎంతండీ, అడుగున్నర. కెవ్వుమంది. వెనక కాలు వేలాడుతోంది.

ఎక్స్‌రే చూపించి డాక్టరుగారు "చూడమ్మా, ఎముకలు ఎక్కడున్నాయో కనబడుతున్నాయా?" అన్నారు. మామూలుగా ఎముక తెల్లగా కనబడాలి కదా. దీనిది పక్కనున్న కండ రంగులోనే పొగలా ఉంది. క్యాల్షియం లేక శరీరం దాని ఎముకల్నే కరిగించుకుని వాడుకుందట. నేను అపురూపంగా పెట్టిన తిండితోనే దాని ఎముకలు కరిగిపోయాయి.

ఆరు వారాలు బోనులో ఉంచాం. బతికింది. ఇప్పుడు బాగుంది కానీ నడుము కొంచెం వంకరే. వట్టి మాంసం పెట్టకండి. పచ్చిదైనా ఉడికించినదైనా ఇదే మాట.

గన్నవరం_వెట్ · జులై 6, రాత్రి 8:48

నేను పశువైద్యం ఫైనల్ ఇయర్. నల్లపిల్లిగారు చెప్పిన కేసు మా క్లినిక్స్‌లో ఏటా చూస్తాం, ఎక్కువగా "బోన్‌లెస్ తప్ప తినదండీ" అని గర్వంగా చెప్పే ఇళ్ల నుంచే.

మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, క్యాల్షియం దాదాపు ఉండదు. పిల్లికి రెండూ ఇంచుమించు సమానంగా, క్యాల్షియం ఒక పిసరు ఎక్కువగా అందాలి. అందకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి క్యాల్షియం లాగేస్తుంది. పెద్ద పిల్లిలో ఇది నెమ్మదిగా జరుగుతుంది, కూనలో వారాల్లోనే.

ఇక టారిన్ అనే పోషకం. కుక్క దాన్ని తన శరీరంలో చేసుకోగలదు, పిల్లి తనకు కావలసినంత చేసుకోలేదు. తిండిలోనే రావాలి. తగ్గితే కంటి రెటీనా పాడవుతుంది, గుండె కండరం పలచబడి సాగిపోతుంది. పెంపుడు పిల్లుల్లో గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో బయటపడ్డాక కంపెనీలు తమ తిండిలో దాన్ని పెంచాయి. అంటే కంపెనీ తిండి తిన్న పిల్లులు కూడా అప్పటిదాకా చనిపోతూనే ఉన్నాయి. కాజాగారు గుండెకాయల కోసం తెల్లవారుజామున షాపుకు వెళ్లేది దీనికే. టారిన్ గుండెలో ఎక్కువ, తొడ కండలో ఫరవాలేదు, బ్రెస్ట్‌లో బాగా తక్కువ.

కార్జం మంచిదే కానీ మొత్తంలో ఇరవయ్యో వంతు చాలు. చవకగా వస్తుందని రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ పేరుకుపోతుంది, మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మెడ తిప్పలేక మొత్తం ఒళ్లంతా తిప్పి చూసే పిల్లిని ఒకసారి చూస్తే మళ్లీ ఎవరూ కార్జం గిన్నె నింపరు.

బుజ్జిగాడి అమ్మగారికి ఒక ప్రశ్న. మూత్ర పరీక్షలో ఏ రకం స్ఫటికాలు (మూత్రంలో కట్టే సన్న రాళ్లలాంటివి) అన్నారు? స్ట్రువైటా, ఆక్సలేటా? అది తెలియకుండా తిండి మార్చొద్దు. మూసుకుపోయిన మగ పిల్లి మళ్లీ మూసుకుపోయే ప్రమాదం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ.

బుజ్జిగాడి_అమ్మ · జులై 6, రాత్రి 9:30

రిపోర్టులో స్ట్రువైట్ అని ఉంది. నల్లపిల్లిగారూ, మీరు రాసింది చదివి మా ఆయనకు కూడా వినిపించాను. డాక్టరుగారిని అడిగి చెప్తాను.

చార్మినార్_చాయ్ · జులై 7, ఉదయం 11:05

మా దగ్గర ముగ్గురున్నరు. చికెన్‌తోపాటు వారంలో రెండు రోజులు పెద్దకూర. కొవ్వు తక్కువ, ఐరన్, జింక్ మస్తుగుంటయ్. మా గల్లీల చికెన్ బోన్‌లెస్ కన్నా అగ్గువకే వస్తది. తినే ఇల్లయితే చూసుకోండి, లేకపోతే అక్కర్లేదు. ఒక్క చికెన్ మీదనే ఉంచకుండా మార్చి పెడితే మంచిదని మాత్రం అందరికీ చెప్త.

వైజాగ్_హార్బర్ · జులై 7, మధ్యాహ్నం 12:50

చేపల గురించి ఎవరూ అనలేదే! మాకు హార్బర్ పక్కనే. కవళ్లు, నెత్తళ్లు సాయంత్రానికి ఊరికే ఇచ్చినట్టు ఇస్తారు. పచ్చివే పెట్టేస్తే ఇంతకన్నా చవక ఇంకేం ఉంటుంది?

గన్నవరం_వెట్ · జులై 7, మధ్యాహ్నం 1:22

పచ్చివి వద్దు అన్నా. కవళ్లు, నెత్తళ్ల జాతుల్లో చాలావాటిలో, చెరువు చేపల్లో కార్ప్ జాతుల్లోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను విరిచేస్తుంది. కొన్ని వారాలు వరసగా పెడితే పిల్లి తల కిందికి వాలిపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. వారానికి ఒకసారి ఉడికించిన కవళ్లు, ముళ్లు తీసి, ఉప్పు లేకుండా పెట్టండి. బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండు చేపలు మాత్రం వద్దు, ఉప్పు.

వైజాగ్_హార్బర్ · జులై 7, మధ్యాహ్నం 1:40

హార్బర్ పిల్లులు పచ్చివే తింటాయి కదా అందామనుకున్నాను. అవి ఎన్నేళ్లు బతుకుతున్నాయో ఎవరైనా చూశారా అని మీరు అడుగుతారని ఆగిపోయాను.

గన్నవరం_వెట్ · జులై 7, రాత్రి 9:10

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాజాగారికి కోపం రావచ్చు. ఈ ఏడాది మన దగ్గర పచ్చి కోడి మాంసం పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి వేల్పూరులో, తూర్పు గోదావరి కానూరులో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయింది గుర్తుందిగా. హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ. ఇంచుమించు అదే సమయంలో మధ్యప్రదేశ్ చింద్వారాలో పెంపుడు పిల్లుల్లో అదే వైరస్ దొరికింది. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప చనిపోయింది. పచ్చి కోడి ముక్క తిందని ఇంట్లోవాళ్లు చెప్పిన సంగతి పేపర్లలో వచ్చింది. పిల్లులకు ఈ వైరస్ సోకితే బతికేవి తక్కువ. ఫ్రీజర్‌లో పెడితే వైరస్ చావదు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా చావదు. చల్లబడి నిద్రపోతుందంతే. ఉడికిస్తేనే పోతాయి.

కాకినాడ_కాజా · జులై 7, రాత్రి 9:52

కోపమేం లేదు గానీ, నాలుగేళ్లుగా పెడుతున్నాను, ఒక్క విరేచనం లేదు. బొచ్చు చూస్తే పట్టులా ఉంటుంది. మా షాపతను ఎక్కడి కోడి తెస్తాడో నాకు తెలుసు. ఉడికిస్తే టారిన్ పోతుందని అంటారు కదా, మరి దానికేం చేయాలి?

గన్నవరం_వెట్ · జులై 7, రాత్రి 10:15

టారిన్ వేడికి కాలిపోదు, నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు సింకులో పోస్తే పోయినట్టు, గిన్నెలో పోస్తే ఉన్నట్టు. కొంచెం నీళ్లతో ఉడికించి ఆ రసం మొత్తం మాంసంలోనే కలిపేయండి. బుజ్జిగాడికి కావలసిన నీళ్లు కూడా అలాగే లోపలికి వెళ్తాయి. పైన టారిన్ పొడి విడిగా వేస్తే ఇక బెంగే లేదు. ఎక్కువైతే మూత్రంలో పోతుంది.

మీ పిల్లుల బొచ్చు పట్టులా ఉండటానికి కారణం మాంసం, గుండెకాయలు, మీరు చేసే లెక్క. పచ్చిదనం కాదేమోనండీ. మీ షాపతను కోడిని ఎక్కడి నుంచి తెస్తాడో తెలుసు, సరే. ఆ ఫారంలో నిన్న ఏ పక్షి వాలిందో ఆయనకు తెలుసా?

డల్లాస్_రావు · జులై 8, ఉదయం 5:30

ఇక్కడ అమెరికా సంగతి కూడా చెప్తాను. పోయిన డిసెంబరులో ఒరెగాన్‌లో ఒక ఇంటి పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోతే, అది తిన్న ప్యాకెట్‌లోని పచ్చి టర్కీలోనే వైరస్ దొరికింది. ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి పిలిచారు. అది రోడ్డు పక్క మాంసం కాదు, ఫ్రీజర్ అరలో ఖరీదైన సరుకు. నేనూ అదే రకం తిండి కొనేవాణ్ణి. ఆ రోజు నుంచి మా ఆవిడ ఇడ్లీ కుక్కర్‌లో చికెన్ ఆవిరి పడుతోంది. ఇడ్లీ పాత్ర వేరేది కొన్నాం, అడగకండి ఎందుకో.

పెరుగన్నం · జులై 8, ఉదయం 7:05

అదే నా సమస్య కూడా రావుగారూ! మా ఇంట్లో మాంసం వండరు. మా అమ్మ ఉన్నంతవరకు వంటింట్లోకి రానివ్వదు. నిన్నటి నుంచి ఈ చర్చ చదివి మా ఆడ పిల్లికి ఏదైనా చేద్దామనిపిస్తోంది. వరండాలో ఇండక్షన్ పొయ్యి, ఒక పాత గిన్నె, ఒక చాకు, ఒక కత్తిపీట పెట్టుకుంటే సరిపోతుందా? ఫ్రిజ్ మాటేంటి?

చార్మినార్_చాయ్ · జులై 8, ఉదయం 9:40

ఫ్రిజ్ లేకుండనే చెయ్యొచ్చు అన్నా. రోజూ పావుకిలో లోపు తెచ్చి అప్పుడే వండు, అప్పుడే పెట్టు. మిగిలింది గల్లీ పిల్లులకు. వారం పది రోజులల్ల మీ ఇంటి ముంగట క్యూ కడ్తయ్.

కాకినాడ_కాజా · జులై 9, రాత్రి 8:20

రెండు రోజులు ఆలోచించాను. మా ఊరికీ కానూరుకూ మధ్య దూరం మ్యాప్‌లో చూశాక మనసు మారింది. నేనూ ఉడికించడం మొదలుపెట్టాను. మా పెద్దది తినేసింది. చిన్నది గిన్నె చుట్టూ రెండు రౌండ్లు తిరిగి, కప్పేస్తున్నట్టు నేల గీకి వెళ్లిపోయింది. లిట్టర్‌లో చేసే పని అది. మూడో పూటకు దారిలోకి వచ్చింది.

నా కొలతలు పెడుతున్నాను. కిలో బ్యాచ్‌కి: ఎముక తీసిన తొడ కండ 700 గ్రాములు (తోలు కొంచెం ఉంచండి), గుండెకాయలు 200, కందనకాయలు 50, కార్జం 50. కందనకాయల పసుపు పొర షాపులోనే తీయించండి. వెడల్పు గిన్నెలో గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి, సన్న మంట మీద లోపల గులాబీ రంగు పోయేదాకా. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏమీ పడకూడదు. ఉల్లిపాయ పిల్లి రక్తాన్ని పాడుచేస్తుంది, కూరలో ముక్క కడిగి పెట్టినా అంతే.

చల్లారాక ఒక ఉడికిన గుడ్డు పచ్చసొన, క్యాల్షియం కోసం తలకొట్టిన ఒక టీస్పూను గుడ్డు పెంకు పొడి, టారిన్ రెండు గ్రాములు, చిటికెడు అయోడిన్ ఉప్పు. టారిన్ జిమ్ పౌడర్లు అమ్మే షాపులో దొరుకుతుంది. చక్కెర, ఫ్లేవరు కలిపినది కాకుండా వట్టి టారిన్ అని రాసి ఉన్నది చూసుకోండి. డబ్బా నెలల తరబడి వస్తుంది.

పెంకు పొడి ఎలా అంటే, కడిగి, ఎండబెట్టి, పెనం మీద సన్న సెగన పది నిమిషాలు వేడి చేసి, మిక్సీలో వేయాలి. వేళ్ల మధ్య రుద్దితే టాల్కం పౌడరులా ఉండాలి. రవ్వలా తగిలితే మళ్లీ తిప్పండి. రవ్వ తగిలిన పూట మా చిన్నది మొత్తం గిన్నె వదిలేసింది.

ఉడికించిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టకండి, చీలికలై గుచ్చుకుంటుంది.

గన్నవరం_వెట్ · జులై 9, రాత్రి 9:05

చాలా బాగుంది. ఒక్క మాట చేరుస్తాను. ఇందులో విటమిన్ ఇ, డి, జింక్, మాంగనీస్ లాంటివి పూర్తిగా అందవు. అందుకని దీన్నే రెండు పూటలా పెట్టొద్దు. ఒక పూట ఇది, ఒక పూట "కంప్లీట్" అని రాసి ఉన్న కంపెనీ తిండి. జేబుకూ అదే మంచిది. పూర్తిగా ఇంటి తిండే పెట్టాలంటే డాక్టరు దగ్గర విటమిన్ మిశ్రమం లెక్క వేయించుకోవాలి.

మార్చేది కూడా పది రోజుల మీద, రోజుకో చెంచా పెంచుతూ. "ఆకలేస్తే అదే తింటుంది" అని మొండికి పోవద్దు. పిల్లి, అందులోనూ లావు పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది. కుక్క సంగతి వేరు.

నల్లపిల్లి_99 · జులై 9, రాత్రి 9:20

కరెంటు సంగతి ఎవరూ రాయలేదు. మా దగ్గర ఎండాకాలంలో నాలుగు గంటలు పోతే ఫ్రీజర్‌లో ముక్కలన్నీ కరిగి మళ్లీ గడ్డకడతాయి. నేను చిన్న డబ్బాలో నీళ్లు గడ్డకట్టించి మీద రూపాయి బిళ్ల పెడతాను. పొద్దున బిళ్ల మునిగి ఉంటే ఆ బ్యాచ్ పారేస్తాను.

బుజ్జిగాడి_అమ్మ · ఆగస్టు 10, సాయంత్రం 6:45

నెల తర్వాత వస్తున్నాను, క్షమించండి. డాక్టరుగారు ఒప్పుకున్నారు, కానీ పొద్దున పూట మూత్ర సమస్యకు ఆయన రాసిచ్చిన వెట్ ఫుడ్డే పెట్టమన్నారు. రాత్రి పూట కాజాగారి కిలో బ్యాచ్, రసంతో సహా. మొదటి వారం బుజ్జిగాడు రసం తాగి ముక్కలు వదిలేశాడు. ముక్కలు మరీ చిన్నగా కోశాననుకుంటా. బొటనవేలంత చేస్తే పక్క దవడతో, తల ఒకవైపు వంచి, కళ్లు మూసుకుని నములుతున్నాడు. మూడేళ్లలో వాడు నమలడం నేను చూడలేదు, గింజలు మింగేసేవాడు.

మొన్న మూత్ర పరీక్షలో స్ఫటికాలు లేవు. లిట్టర్‌లో ముద్దలు ముందుకంటే పెద్దవి. ఇలాంటివాటికి కూడా సంతోషపడే రోజు వస్తుందని ఎవరు అనుకున్నారు!

ఖర్చు: రాత్రి పూటకు 65 గ్రాముల లెక్కన రెండు కిలోలు. గుడ్లు, టారిన్‌తో కలిపి 540 అయింది. వెట్ ఫుడ్ 1,900. ఎలా చూసినా పౌచ్‌ల నెల కంటే పదహారు వందలు మిగిలాయి. శ్రావణమాసం కదా, షాపులో రేటు కూడా దిగింది. మూడు కిలోల లెగ్ పీసులు ఒకేసారి తెచ్చి ఉడికించి డబ్బాల్లో పెట్టాను. పైన రూపాయి బిళ్ల కూడా.

షాపతను ఇప్పుడు అడగకముందే గుండెకాయల కవరు పక్కన పెడుతున్నాడు. మొన్న మా ఆయన వెళ్తే "పిల్లి సార్ వచ్చారు" అన్నాడట. ఆయన ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు.

పెరుగన్నం · ఆగస్టు 10, రాత్రి 7:30

వరండా వంటగది నుంచి నమస్కారం. చాయ్ అన్న చెప్పినట్టే అయింది, క్యూలో ఇప్పుడు అయిదు ఉన్నాయి. మా అమ్మ వాటికి పేర్లు పెట్టింది.

కొత్త_పిల్లి · ఆగస్టు 11, ఉదయం 8:02

ఇదే కొలతలు మూడు నెలల కూనకు పెట్టొచ్చా?

నల్లపిల్లి_99 · ఆగస్టు 11, ఉదయం 8:04

వద్దు. కూనల తిండి ప్యాకెట్ కొనండి. సోఫా దగ్గర పరుపు వేయండి. మిగతాది మెసేజ్ చేయండి, చెప్తాను.